తుఫాను బులెటిన్‌లో గాలి అంకె చదవడం ఎలా? కేటగిరీల లెక్క, విశాఖ వాళ్ల కోసం

అక్టోబరు వచ్చిందంటే నా ఫోన్‌కి రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. ఒకటి ఎంవీపీ కాలనీ నుంచో గాజువాక నుంచో వస్తుంది: "టీవీలో తీవ్ర తుఫాను అంటున్నారు, హుద్‌హుద్ అంత ఉంటుందా?" రెండోది పిల్లలు అమెరికాలో ఉన్న అమ్మానాన్నల నుంచి: "మావాడుండే హ్యూస్టన్‌కి కేటగిరీ 1 హరికేన్ అట. ఒకటే కదండీ, టెన్షన్ పడక్కర్లేదా?" విడివిడిగా జవాబు రాసి రాసి వేళ్లు నొప్పెట్టాయి. అందుకే అంతా ఒకేచోట రాస్తున్నాను.

నేను వాతావరణ శాఖ మనిషిని కాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు మూడో అంతస్తు ఫ్లాట్‌లో, కిటికీ లేని బాత్రూమ్‌లో ఇంటిల్లిపాదితో కూర్చున్నవాణ్ని. ఆ తర్వాతే బులెటిన్లు చదవడం అలవాటైంది. తుఫాను పేరు ముందు తగిలించే విశేషణాన్ని కాకుండా గాలి అంకెను మనమే చదువుకోగలిగితే సగం కంగారు తగ్గుతుంది. మిగతా సగం కంగారు అవసరమైనదే.

కావలసినవి

- భారత వాతావరణ శాఖ తాజా బులెటిన్. శాఖ సైట్‌లోనిది కానీ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ తెలుగులో ఇచ్చేది కానీ. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫొటో పనికిరాదు, అది నిన్నటిదో పోయినేటిదో తెలియదు.
- కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్.
- ఒక మ్యాప్. ఉత్తరాన కళింగపట్నం, దక్షిణాన కాకినాడ, మధ్యలో మనం కనబడితే చాలు.
- మీ ఇల్లు ఎన్నో అంతస్తు, కొండ మీదా పల్లంలోనా, గెడ్డ పక్కనా అన్నది గుర్తుంచుకోండి. చివర్లో పనికొస్తుంది.

1. ముందు టైమ్, తర్వాత యూనిట్

బులెటిన్ పైన సమయం ఉంటుంది. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని ఉంటే అయిదున్నర గంటలు కలపండి. 0300 యూటీసీ అంటే మనకు ఉదయం 8:30. దీన్ని తెల్లవారుజాము 3 గంటలనుకుని, "ఇంత పాత వార్త ఎందుకిస్తున్నారు" అని తిట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

తర్వాత యూనిట్. తెలుగు బులెటిన్లలో గంటకు కిలోమీటర్లే ఉంటాయి. ఇంగ్లిష్ బులెటిన్లలో నాట్లు (ఓడలవాళ్లు వాడే వేగం కొలత) కూడా ఉంటాయి. అమెరికా వార్తల్లో మైళ్లు. గాలిని మ్యాప్ మీద చూపే విండీ లాంటి యాప్ తెరిస్తే మామూలుగా నాట్లు చూపిస్తుంది, యూనిట్ మీద నొక్కితే మారుతుంది. లెక్క ఇలా:

- నాట్లు × 1.85 = గంటకు కి.మీ.
- మైళ్లు × 1.6 = గంటకు కి.మీ.
- సెకనుకు మీటర్లు × 3.6 = గంటకు కి.మీ.

కాలిక్యులేటర్ లేకపోతే నాట్లను రెట్టింపు చేసి కాస్త తగ్గించండి. 100 నాట్లంటే 200 కాదు, 185. యాప్‌లో 60 అని చూసి "అరవయ్యే కదా, మోటారుసైకిల్ స్పీడు" అనుకుంటే పొరపాటు. 60 నాట్లంటే 111 కి.మీ., తీవ్ర తుఫాను గాలి.

2. రెండు వేగాలను విడదీయండి

ఎక్కువమంది పడేది ఇక్కడే. బులెటిన్‌లో రెండు వేగాలుంటాయి. ఒకటి తుఫాను మొత్తంగా సముద్రం మీద కదిలే వేగం. రెండోది దాని కేంద్రం చుట్టూ గాలి తిరిగే వేగం. బొంగరం గిర్రున తిరుగుతూనే నేల మీద మెల్లగా జరుగుతుంది కదా, అలాగన్నమాట. తుఫాను బలం తిరుగుడులో ఉంది, నడకలో కాదు.

టీవీలో "గంటకు 170 కిలోమీటర్ల వేగంతో విశాఖ వైపు దూసుకొస్తోంది" అంటే ఈ రెండూ కలిపి వండేశారని అర్థం. హుద్‌హుద్‌నే తీసుకోండి. 2014 అక్టోబరు 8 ఉదయం అండమాన్ దీవులను దాటింది, 12 మధ్యాహ్నం మన దగ్గర తీరం దాటింది. మధ్య దూరం సుమారు 1200 కి.మీ., పట్టిన సమయం దాదాపు 100 గంటలు. అంటే సగటున గంటకు 12 కి.మీ. మన బీచ్ రోడ్డులో సైకిల్ తొక్కేవాళ్లు దాన్ని దాటేస్తారు. నిజంగా 170తో నడిచొచ్చి ఉంటే అండమాన్ నుంచి ఏడు గంటల్లో ఇక్కడుండేది.

కాగితం మీద రెండు గడులు గీసి, ఒకదానిపై "నడక", రెండోదానిపై "గాలి" అని రాసుకోండి. "కదులుతోంది", "పయనిస్తోంది" అన్న వాక్యంలోని అంకె నడకలోకి. "గాలులు వీస్తాయి" అన్న వాక్యంలోనిది గాలిలోకి. దూరాన్ని నడకతో భాగిస్తే ఎన్ని గంటలుందో సుమారుగా తెలుస్తుంది. సుమారుగానే, ఎందుకంటే తుఫాను దారిలో ఆగుతుంది, వేగం పెంచుతుంది, ఒక్కోసారి పక్కకు తిరిగి వెళ్లిపోతుంది.

3. "ఒక్కోసారి" అన్న మాట దగ్గర ఆగండి

గాలి వాక్యం దాదాపు ఎప్పుడూ ఇలా ఉంటుంది: "గంటకు 80-90 కి.మీ., ఒక్కోసారి 100 కి.మీ. వేగంతో." మొదటి జత నిలకడగా వీచే గాలి. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీసి చెబుతుంది. చివరి అంకె కొన్ని సెకన్ల పాటు ఎగదన్నే గాలి. తుఫానుకు పేరు పెట్టేది నిలకడ గాలిని బట్టి. మీ రేకుల షెడ్డు లేపుకుపోయేది మాత్రం చాలాసార్లు ఆ చివరిదే.

కాబట్టి వర్గం చూడ్డానికి మొదటి జత, ఇల్లు సర్దుకోవడానికి చివరి అంకె వాడండి. జతలో ఏది తీసుకోవాలంటే మధ్యది. 80-90 అయితే 85.

4. మన మెట్లలో ఎక్కడుందో చూడండి

ఉత్తర హిందూ మహాసముద్రానికి భారత వాతావరణ శాఖ వాడే మెట్లు ఇవి. అంకెలు నిలకడ గాలివి, గంటకు కి.మీ.లలో. నాట్ల నుంచి మార్చినవి కాబట్టి ఇంకోచోట ఒక కిలోమీటరు అటూ ఇటూ కనిపిస్తే గాభరా పడకండి.

- అల్పపీడనం: 31 కంటే తక్కువ
- వాయుగుండం: 31 నుంచి 50
- తీవ్ర వాయుగుండం: 51 నుంచి 62
- తుఫాను: 63 నుంచి 88 (పేరు పెట్టేది ఇక్కణ్నుంచే)
- తీవ్ర తుఫాను: 89 నుంచి 117
- అతి తీవ్ర తుఫాను: 118 నుంచి 166
- అత్యంత తీవ్ర తుఫాను: 167 నుంచి 221
- సూపర్ సైక్లోన్: 222, ఆపైన

రెండు హెచ్చరికలు. పేపర్లలో "పెను తుఫాను" అన్న మాట ఎటు కావాలంటే అటు సాగుతుంది. ఒకరు అతి తీవ్రానికి వాడతారు, ఇంకొకరు అత్యంత తీవ్రానికి, మరొకరు హెడ్డింగ్ బరువుగా ఉండాలని. ఆ మాట కనబడితే పక్కన అంకె ఉందేమో వెతకండి. లేకపోతే ఆ వార్త పక్కన పెట్టేయండి.

రెండోది, పాత పేపర్ కటింగ్‌తో కొత్త తుఫానును పోల్చకండి. అత్యంత తీవ్ర తుఫాను అన్న మెట్టును 2015లో చేర్చారు. అందుకే హుద్‌హుద్‌ను అప్పటి లెక్కలో "అతి తీవ్ర" అనే అన్నారు. గంటకు 185 కి.మీ. గాలి ఇవాళ వస్తే దాని పేరు ఒక మెట్టు పైన ఉంటుంది. "హుద్‌హుద్ అతి తీవ్రమే, ఇదీ అతి తీవ్రమే, రెండూ సమానం" అని మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు ఒకసారి లిఫ్ట్ దగ్గర అందరినీ హడలగొట్టారు. ఆ రోజు వచ్చింది 120 చిల్లర గాలి.

ఈ 120కి, 185కి తేడా మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. గాలి వేగం రెట్టింపైతే గోడ మీద తోపుడు నాలుగు రెట్లవుతుంది. 120 నుంచి 185 అంటే వేగం ఒకటిన్నర రెట్లే, తోపుడు మాత్రం రెండు రెట్లు దాటింది. సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు.

5. అమెరికా కేటగిరీలోకి మార్చడం

హరికేన్, టైఫూన్, సైక్లోన్ ఒకటే జాతి. అట్లాంటిక్‌లో పుడితే హరికేన్, జపాన్, ఫిలిప్పీన్స్ వైపైతే టైఫూన్, మన బంగాళాఖాతంలో సైక్లోన్. కేటగిరీ 1 నుంచి 5 అన్నది అమెరికా కొలత. సాఫిర్ అనే ఇంజినీరు, సింప్సన్ అనే వాతావరణ శాస్త్రవేత్త కలిసి 1970ల మొదట్లో తయారుచేశారు. గంటకు కి.మీ.లలో:

- కేటగిరీ 1: 119 నుంచి 153
- కేటగిరీ 2: 154 నుంచి 177
- కేటగిరీ 3: 178 నుంచి 208
- కేటగిరీ 4: 209 నుంచి 251
- కేటగిరీ 5: 252, ఆపైన

పై పట్టికతో పక్కపక్కన పెట్టి చూడండి. మన "తీవ్ర తుఫాను" కూడా అక్కడ హరికేన్ కాదు. మన తుఫాను, తీవ్ర తుఫాను రెండూ కలిపి వాళ్లకు "ట్రాపికల్ స్టార్మ్". మన అతి తీవ్ర తుఫాను మొదలయ్యేచోట వాళ్ల కేటగిరీ 1 మొదలవుతుంది. అంటే "ఒకటే కదా" అన్న ఆ ఒకటి మన నిచ్చెనలో ఆరో మెట్టు. 2024 జులైలో బెరిల్ టెక్సస్ తీరం దాటినప్పుడు కేటగిరీ 1 మాత్రమే. హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఆ ఎండల్లో ఏసీ లేకుండా రోజుల తరబడి ఉన్న పిల్లలను అడగండి, ఒకటంటే ఏమిటో చెబుతారు.

ఒక మెలిక ఉంది. అమెరికా వాళ్లు ఒక నిమిషం సగటు తీస్తారు, మనం మూడు నిమిషాలది. తక్కువసేపటి సగటు ఎప్పుడూ కాస్త ఎక్కువ వస్తుంది. దానికి తోడు ఉపగ్రహ చిత్రాలు చూసి ఎవరి అంచనా వాళ్లు వేసుకుంటారు. హుద్‌హుద్‌కు మన శాఖ 185 అంటే, అమెరికా నౌకాదళ తుఫాను కేంద్రం 215 అంది. మన అంకెను తిన్నగా వాళ్ల పట్టికలో పెడితే కేటగిరీ 3, వాళ్ల అంకె పెడితే కేటగిరీ 4. ఎవరూ అబద్ధమాడలేదు. వాళ్ల అంకెను వాళ్ల పట్టికలోనే, మన అంకెను మన పట్టికలోనే పెట్టి చూడండి. కొన్ని యాప్‌లు బంగాళాఖాతం తుఫానుకు కూడా కేటగిరీ అంకె వేస్తాయి. అది చూసి మన శాఖ తక్కువ చేసి చెబుతోందని గొడవపడకండి.

6. ఆ అంకె ఎక్కడిదో చూడండి

బులెటిన్‌లో కనిపించే పెద్ద అంకె తరచుగా నడిసముద్రంలో తుఫాను గరిష్ఠంగా ఉన్నప్పటిది. మనకు కావాల్సింది తీరం దాటే సమయానికి ఎంత, మన జిల్లాలో ఎంత అన్నవి. ఈ రెండూ వేరే వాక్యాల్లో ఉంటాయి, చాలామంది అంతదాకా చదవరు.

తర్వాత మ్యాప్ తీయండి. తుఫాను వస్తున్న దారి మీద, అది వెళ్లే వైపు ముఖం పెట్టి నిలబడ్డట్టు ఊహించుకోండి. మన అర్ధగోళంలో దాని కుడివైపే గాలి బలం ఎక్కువ. మనవైపు తుఫాన్లు సాధారణంగా ఆగ్నేయం నుంచి వాయవ్యానికి వస్తాయి కాబట్టి కుడి అంటే తీరం వెంట ఉత్తరం వైపు. తుఫాను కాకినాడ దగ్గర దాటితే విశాఖ కుడివైపు పడుతుంది, గాలి సముద్రం నుంచి ఒడ్డుకు తోస్తుంది. శ్రీకాకుళం జిల్లా వైపు దాటితే మనం ఎడమన ఉంటాం. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి ఉద్దానాన్ని కొబ్బరి తోటలతో సహా ఊడ్చేసింది. మనం బతికిపోయాం.

దారి గీత చుట్టూ గరాటులా వెడల్పయ్యే బొమ్మ చూపిస్తారు కదా, అది తుఫాను సైజు కాదు. కేంద్రం ఆ గరాటులో ఎక్కడైనా ఉండొచ్చని అర్థం. విశాఖ గరాటు అంచున ఉంటే "తప్పించుకున్నాం" అనకండి. గాలివాన గరాటు బయటికీ వస్తాయి.

ఇక మీ ఇల్లు. బులెటిన్ అంకె నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో లెక్క, అంటే సుమారు మూడో అంతస్తు. మధురవాడ వైపు పన్నెండో అంతస్తులో ఉన్నా, కొండవాలు ఇళ్లలో ఉన్నా మీకు అంతకన్నా ఎక్కువే తగులుతుంది.

7. పోర్టు నంబర్‌ను బలంగా లెక్కపెట్టొద్దు

"పోర్టులో ఆరో నంబర్ ఎగరేశారు, నిన్న అయిదే, అంటే పెరిగింది." ఇది విశాఖలో పుట్టి పెరిగినవాళ్లు కూడా చేసే తప్పు. పోర్టు హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి, కానీ ఒక్కో నంబర్ ఒక్కో మెట్టు కాదు. 1, 2 దూరంగా సముద్రంలో ఉన్న వాతావరణం గురించి. 3, 4 రేవుకే ముప్పు ఉండొచ్చని. 5, 6, 7 మూడూ ప్రమాద సూచికలే, తేడా దారిలో: రేవు తుఫానుకు ఎడమన పడితే 5, కుడిన పడితే 6, నెత్తిమీదుగానో బాగా దగ్గరగానో వస్తుంటే 7. 8, 9, 10 కూడా ఇదే వరసలో, ఇంకా తీవ్రమైన తుఫానుకు. 11 అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

ఈ నంబర్‌కీ అమెరికా కేటగిరీకీ ఏ చుట్టరికమూ లేదు. "మూడో నంబర్ అంటే కేటగిరీ 3" అని ఒక పెద్దాయన ఫిషింగ్ హార్బర్ దగ్గర నాతో పందెం కట్టారు. ఓడిపోయి టీ ఇప్పించారు.

8. గాలి అంకె చెప్పనిది

మన మెట్లు, వాళ్ల కేటగిరీలు గాలిని మాత్రమే కొలుస్తాయి. వాన ఎంత, ఉప్పెన ఎంత అన్నది ఆ పేరులో లేదు. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది, వట్టి "తుఫాను" మెట్టే. అయినా విశాఖలో పల్లపు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. 2017లో హార్వీ కేటగిరీ 4గా టెక్సస్ తీరం దాటింది. హ్యూస్టన్‌ను ముంచింది గాలి తగ్గిపోయాక కురిసిన వాన.

ఉప్పెనైతే తీరాన్ని బట్టి ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమలో అయిదు మీటర్ల ఎత్తున సముద్రం లోపలికొచ్చింది, దాదాపు 10,000 మంది పోయారు. మన దగ్గర సముద్రం త్వరగా లోతెక్కుతుంది, ఒడ్డు ఎత్తు. హుద్‌హుద్ అంతటి గాలికీ ఇక్కడ కొలిచిన ఉప్పెన 1.4 మీటర్ల చిల్లరే. అలాగని జాలరిపేటలో ఉన్నవాళ్లు ధీమా పడొద్దు, అలలు దాని మీద అదనం.

కాబట్టి కాగితం మీద మూడో గడి గీసి "నీళ్లు" అని రాయండి. వాన సెంటీమీటర్లు, ఉప్పెన మీటర్లు అందులో వేయండి. గెడ్డ పక్కన ఉన్నవాళ్లు ఈ గడినే ముందు చూడాలి.

సాధన

ఇది నేను అల్లిన బులెటిన్, నిజం తుఫాను కాదు: "తుఫాను గత 6 గంటల్లో వాయవ్య దిశగా గంటకు 14 కి.మీ. వేగంతో కదిలి, ఉదయం 11:30కి విశాఖకు ఆగ్నేయంగా 420 కి.మీ. దూరంలో ఉంది. గంటకు 80-90 కి.మీ., ఒక్కోసారి 100 కి.మీ. వేగంతో గాలులు వీస్తున్నాయి."

నడక 14. గాలి 85. ఇల్లు సర్దడానికి 100. సమయం 420ని 14తో భాగిస్తే 30 గంటలు, అంటే రేపు సాయంత్రం 5:30 ప్రాంతం. మెట్టు "తుఫాను", తీవ్రానికి అంచులో. అమెరికా లెక్కలో హరికేన్ కాదు. నీళ్ల గడి ఖాళీ, కాబట్టి బులెటిన్ కింది పేరా చదవాలి. మీకు ఇదే వచ్చిందా? "తీవ్ర తుఫాను" అని వచ్చి ఉంటే 85కి బదులు 90నో 100నో పట్టుకున్నారన్నమాట. 14ను గాలి గడిలో వేసినవాళ్లు పైన 2వ అంశం దగ్గరికి మళ్లీ వెళ్లండి.

గాలి మొదలయ్యాక సరిచూసుకోవడం

కిటికీ లోపలి నుంచే. మేడ మీదకూ, ఆర్‌కే బీచ్‌కూ వెళ్లొద్దు.

- గొడుగు నిలవడం లేదు, పెద్ద కొమ్మలు ఊగుతున్నాయి: 40 నుంచి 50
- చెట్టు చెట్టంతా ఊగుతోంది, ఎదురుగాలికి నడవడం కష్టం: 50 నుంచి 60
- రెమ్మలు విరిగి పడుతున్నాయి: 60, 70 మధ్య
- ఫ్లెక్సీలు చిరిగాయి, పెంకులు, వదులు రేకులు లేస్తున్నాయి: 75 నుంచి 90
- చెట్లు వేళ్లతో సహా కూలుతున్నాయి: 90 పైన

కేంద్రం ఎటుందో తెలియాలంటే, గాలి ఎటునుంచి వస్తోందో అటు వీపు పెట్టినట్టు ఊహించుకోండి. తుఫాను మీ ఎడమచేతి వైపు ఉంటుంది. గాలి దిక్కు మారకుండా బలం మాత్రం పెరుగుతూ పోతుంటే అది మీ మీదకే వస్తోంది.

హఠాత్తుగా అంతా నిశ్శబ్దమైతే తలుపు తీయొద్దు. హుద్‌హుద్ కన్ను మన ఊరి మీదుగా వెళ్లినప్పుడు గాలి ఆగింది, వెలుతురొచ్చింది, మా వీధిలో జనం కార్లు చూసుకోవడానికి కిందకి దిగారు. కాసేపటికి అదే గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. పొద్దుటి నుంచి ఒక పక్కకు వంగి ఉన్న చెట్లు రెండో పక్కకు తిరిగేసరికి తట్టుకోలేక పడ్డాయి. ఆగింది కన్నేనా, నిజంగా అయిపోయిందా అన్నది తాజా బులెటిన్‌లో కేంద్రం ఎక్కడుందో చూస్తే తెలుస్తుంది. నెట్ లేకపోతే బ్యాటరీ రేడియో పెట్టుకుని, "దాటిపోయింది" అన్న మాట వినేదాకా లోపలే ఉండండి.

తీరం దాటాక వచ్చే బులెటిన్లలో తుఫాను మెట్లు దిగుతుంది: తీవ్ర తుఫాను, తుఫాను, వాయుగుండం. అప్పుడు గాలి గడి కొట్టేసి, నీళ్ల గడి మాత్రం ఇంకో రెండు రోజులు నింపుతూ ఉండండి.